నడుము నొప్పి చీటీతో వచ్చిన నర్సయ్య

ఆయన నా దగ్గరికి వచ్చింది ఎముకల డాక్టరు రాసిచ్చిన చీటీతో. దాని మీద మూడే ముక్కలు: ఎమ్మారైలో ఇంత నొప్పికి తగ్గ కారణం కనబడలేదు, నిద్ర లేదు, తిండి లేదు, ఒకసారి చూడగలరు. జూన్ నెల. తొలకరి పడి పది రోజులు కాలేదు. నల్గొండలో నేను వారానికి మూడు రోజులు కూర్చునే గదికి ఆ రోజుల్లో ఊళ్ళ నుంచి ఎవరూ రారు, అందరూ పత్తి గింజలు పెట్టే పనిలో ఉంటారు. అలాంటప్పుడు యాభై ఏడేళ్ల రైతు చెలక వదిలిపెట్టి, ముందు భార్య వెనక కొడుకు నడుస్తుంటే బస్సు దిగి వచ్చాడంటే, చీటీ చదవక ముందే నాకు సగం సంగతి అర్థమైంది.

పేరు నర్సయ్య అనుకుందాం. ఊరు మర్రిగూడ, చండూరు మధ్యలో ఎక్కడో. ఆనవాలు పట్టగల వివరాలన్నీ మార్చాను. రాసింది ఆయనకు చదివి వినిపించి ఒప్పుకున్నాకే ఇక్కడ పెడుతున్నాను. రెండు చోట్ల దిద్దించాడు కూడా, అవి ఎక్కడో చెప్తాను.

నేను డాక్టరును కాను, సైకాలజిస్టును, మందులు రాయను, మాట్లాడటమే నా వైద్యం అని మొదటి రోజే చెప్పుకుంటాను. అయినా ఆయనకు చివరిదాకా నేను డాక్టరమ్మనే. మనసు బాగున్న రోజు మాత్రం "బిడ్డా".

ఒంటి మాట

ఏమైతుందని అడిగితే చెప్పిందంతా ఒంటి గురించే. నడుము గుంజుతుంది. మెడ నుంచి చెయ్యికి తిమ్మిరి దిగుతుంది. కడుపులో మంట. కాళ్లల్ల సత్తువ లేదు. రెండేళ్ల నుంచి ఇదే తంతు. "ఇంకేం లేదు డాక్టరమ్మా, ఈ నడుమొక్కటి మంచిగైతే నేను మంచిగైత."

రెండేళ్లలో తిరిగిన చోట్లను భార్య వేళ్ల మీద లెక్కపెట్టింది. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సూదులు, వారం వారం గ్లూకోజు సీసాలు. నల్గొండలో ఇద్దరు ఎముకల డాక్టర్లు. హైదరాబాద్‌లో ఎమ్మారై. గాలి సోకిందేమోనని చెర్వుగట్టు మీద మూడు అమాసలు నిద్ర చేశారు. లతీఫ్ సాబ్ గుట్ట ఎక్కి తాయెత్తు కట్టించుకొచ్చారు. వీటిలో దేన్నీ నేను తీసిపారేయను. గట్టు మీద పడుకున్న ఆ మూడు రాత్రులే కాస్త కునుకు పట్టిందని ఆయనే చెప్పాడు. చుట్టూ మనుషులుంటే నిద్ర పట్టే మనిషి అన్నమాట. అది నాకు పనికొచ్చే సమాచారం, నోట్సులో రాసుకున్నాను.

మా జిల్లాలో ఒళ్లు నొప్పులకు ఒక జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది: ఫ్లోరైడ్. ఆ జవాబు తప్పని నేననను. తాగే నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంటే, మర్రిగూడ వైపు బోర్లలో దానికి ఎన్నో రెట్లున్న నీళ్లు తాగి తరాలు పెరిగాయి. నర్సయ్య పళ్ల మీదా ఆ గోధుమరంగు చారలున్నాయి. ముంజేతి ఎక్స్‌రేలో రెండు ఎముకల మధ్య పొర గట్టిపడటం మొదలైందని ఎముకల డాక్టరు చూపించారు. అంటే నొప్పి ఉత్తది కాదు, నటన అంతకన్నా కాదు. మిషన్ భగీరథ కుళాయి నీళ్లు వచ్చినా, అప్పటికే ఎముకలో చేరింది అంత తేలిగ్గా వెనక్కి పోదు.

అయితే ఫ్లోరైడ్ మనిషిని తెల్లవారుజామున మూడింటికి లేపి, లేవబుద్ధి కాకుండా, పడుకోబుద్ధి కాకుండా మంచం పట్టె మీద కూర్చోబెట్టదు. హోటల్ దగ్గర చాయ్ తాగే అలవాటు మాన్పించదు. ఏడాదిలో ఏడు కిలోలు తగ్గించదు. నేనొక ప్రశ్న అడిగితే జవాబుకు ఐదారు సెకన్లు పడుతోంది. గొంతులో ఎత్తూ పల్లం లేదు. ఎముకల జబ్బు, మనసు జబ్బు రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చన్న చిన్న సంగతి దగ్గరే మా ప్రాంతంలో కేసులు ఏళ్లకేళ్లు చిక్కుబడి పోతుంటాయి. మొదటిది దొరికిందంటే రెండోదాన్ని ఎవరూ వెతకరు.

తొమ్మిది ప్రశ్నలు

డిప్రెషన్ ఎంత ఉందో చూడటానికి పీహెచ్‌క్యూ-9 వాడతాం. గడిచిన రెండు వారాల గురించి తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 27. పది దాటితే పట్టించుకోవాలి, పదిహేను దాటితే ఆలస్యం చేయకూడదు. తెలుగు ప్రతి దొరుకుతుంది గాని, అందులోని తెలుగు మా దగ్గర నోట్లో తిరగదు. "పనుల పట్ల ఆసక్తి లేదా ఆనందం తగ్గడం" అని చదివితే నర్సయ్య, "పని జేస్తనే ఉన్న గదా" అన్నాడు. నిరాశ, నిస్పృహ లాంటి మాటలు పేపర్లో చదవడానికే గాని, తన మీద తాను వేసుకునేవి కావు. "రంది ఉందా?" అని అడిగాను. రంది అంటే మా వైపు చిన్నపిల్లలకు కూడా తెలుసు. పోయినవాళ్ల కోసం, అప్పు కోసం, పెళ్లి కాని బిడ్డ కోసం మనిషిని లోపల్లోపల తినేది. "నాకేం రంది లేదు," అని వెంటనే అన్నాడు. ఆ రోజు ఆయన ఆలోచించకుండా చెప్పిన జవాబు అదొక్కటే. ఆ తొందర చూసి అనుమానం వచ్చి ఇంకోలా అడిగాను. "మునుపు ఏం జేస్తే పానం లేసొచ్చేది పెద్దనాయినా?"

చాలాసేపు గోడ వైపు చూశాడు.

"తోట."

బత్తాయి తోట. అంతకుమించి ఆ రోజు దాని గురించి మాట్లాడలేదు. ప్రశ్నలన్నీ మా యాసలో అడిగి లెక్కేస్తే 19 వచ్చింది.

స్కోరు ఒక్కటే చూసి డిప్రెషన్ అనేయడం పద్ధతి కాదు. థైరాయిడ్, షుగరు, రక్తం శాతం, బీ12 పరీక్షలు చేయించాం. బీ12 కొంచెం తక్కువుంది, దానికి వేరే మందు. గతంలో ఎప్పుడైనా నిద్ర లేకుండా హుషారుగా, చేతికి ఎముక లేకుండా ఖర్చుపెట్టిన రోజులున్నాయా అని భార్యను అడిగాను, బైపోలార్ అంటే దిగులు, అతి హుషారు మార్చి మార్చి వచ్చే జబ్బు అయితే వైద్యం దారే వేరు కాబట్టి. లేవంది. కల్లు సంగతి మాత్రం గట్టిగా అడిగాను. తెలంగాణలో ఈ పనిచేసే ఎవరైనా అడగాల్సిందే. కల్తీ కల్లులో అల్ప్రాజోలం అనే మత్తు మందు కలుపుతారు. రోజూ తాగేవాళ్లు హఠాత్తుగా మానేస్తే నిద్ర పట్టదు, వణుకు, గాబరా, ఒక్కోసారి ఫిట్స్, పిచ్చి మాటలు. అది చూసి డిప్రెషనో దయ్యమో అనుకుంటారు. నర్సయ్య చెట్టు కింద తెలిసిన గౌడు పోసే తాటికల్లు తాగేవాడు. అదీ ఏడాదిగా పోవట్లేదు. "బుద్ధి పుడతలేదు."

నేను చేసిన తప్పు

తొమ్మిదో ప్రశ్న చావు గురించి. దాన్ని నేను కొడుకు గదిలో ఉండగానే అడిగాను. బయట ఇంకో ముగ్గురు కూర్చున్నారు, తొందరలో ఉన్నాను. అదే సాకు. "ఛ, అట్లాంటిదేం లేదు," అన్నాడు నర్సయ్య. సున్నా వేసుకున్నాను. హైదరాబాద్‌లో క్యాబ్ నడిపే పాతికేళ్ల కొడుకు ఎదురుగా ఏ తండ్రి చెప్తాడు?

వారం తర్వాత, ఆయన్ను బయట కూర్చోబెట్టి భార్యతో విడిగా మాట్లాడాను. పొలం పాసు పుస్తకం, బ్యాంకు బుక్కు, బీమా కాగితం అన్నీ ఒక్క కవర్లో పెట్టి నెల కింద తన చేతికిచ్చాడని చెప్పింది. "జాగ్రత్త పెట్టు, రేపొద్దున ఎవల్ని అడగాలె అని నువ్వు తిరగొద్దు అన్నడు మేడం. నేను మంచిగనే సదురుకుంటున్నడు అనుకున్న." నా వీపు మీద చెమట పట్టింది.

ఆయన్ను ఒక్కణ్ణే పిలిచి తలుపు వేసి, చుట్టూ తిప్పకుండా అడిగాను. చచ్చిపోవాలని అనిపిస్తుందా, ఎట్లా అనేది ఆలోచించారా, అందుకు కావాల్సింది ఇంట్లో ఉందా? అలా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని చాలామందికి భయం. పుట్టదు. అడిగినవాళ్లు దొరికారని బరువు దిగుతుంది. నర్సయ్య తల దించుకుని అరచేతులు చూసుకుంటూ చెప్పాడు. ఆలోచన ఉంది. పత్తికి కొట్టే మందు కొట్టంలో ఉంది. చేయలేదెందుకని అడిగితే, "బర్రె ఈనేటట్టుంది బిడ్డా, ఆమెకొక్కదానికి అయితదా?" అన్నాడు. నన్ను బిడ్డా అన్నది అదే మొదటిసారి.

ఆ రోజు మాటల వైద్యం లేదు. ఆ ఒక్క మధ్యాహ్నంలో మూడు పనులు జరిగాయి. సైకియాట్రిస్టు దగ్గరికి నేనే తీసుకెళ్లాను. నర్సయ్య ఒప్పుకున్నాకే భార్యకు, ఆమె తమ్ముడికి విషయం చెప్పాం. తమ్ముడు సాయంత్రానికల్లా పురుగుమందు డబ్బాలన్నీ తన ఇంటికి తీసుకుపోయి తాళం వేశాడు. ఆ పంటకాలం మొత్తం పిచికారీ ఉన్న రోజే, ఎంత కావాలో అంతే తెచ్చిచ్చాడు. ఈ పని ఎంత చిన్నదిగా కనిపిస్తుందో అంత పెద్దది. చావాలన్న తీవ్రత చాలామందిలో గంటల్లో వచ్చి గంటల్లో తగ్గుతుంది, ఆ గంటల్లో చేతికి మందు అందకుండా ఉండటమే ప్రాణం. రాత్రిపూట ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే అని 14416 నంబరు గోడ క్యాలెండర్ మీద పెద్దగా రాయించాను. 2022 అక్టోబర్ నుంచి నడుస్తున్న టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు అది, ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు పడవు. నర్సయ్య ఆ నంబరుకు ఒకే ఒక్కసారి, రాత్రి రెండింటికి ఫోన్ చేశాడని నాకు ఆగస్టులో తెలిసింది.

సైకియాట్రిస్టు ఎస్సిటలోప్రామ్ అనే డిప్రెషన్ మందు చిన్న మోతాదులో మొదలుపెట్టారు. ఐదో రోజు కడుపు తిప్పుతోందని నర్సయ్య తనంతట తానే మానేశాడు, ఫోన్ చేసి మళ్లీ మొదలుపెట్టించాం. పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుందని ముందే చెప్పకపోతే, పదో రోజుకు అందరూ మానేస్తారు.

చుట్టు బాట

కొడుకు మొదటి రోజే నాతో అన్నాడు, "మీరు కొంచెం గట్టిగ ధైర్యం చెప్పండి మేడం, నాయిన మీ మాట వింటడు." ఈ మాట వారానికి నాలుగుసార్లు వింటాను. కౌన్సెలింగ్ అంటే చదువుకున్నవాళ్లు చెప్పే ధైర్యం అనుకుంటారు. నర్సయ్యకు రెండేళ్లుగా ఊరంతా ధైర్యమే చెప్పింది. చెప్పిన ప్రతిసారీ "అందరికీ ఉన్న ధైర్యం నాకు లేకపాయె" అని ఆయన ఇంకో లెక్క తన ఖాతాలో రాసుకున్నాడు. అందుకే నేను ధైర్యం చెప్పను. మనిషి పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునే దాకా ఏం చేస్తున్నాడు, దేన్ని తప్పించుకుంటున్నాడు, అందులోనే చెయ్యి పెడతాను. దీన్ని బిహేవియరల్ యాక్టివేషన్ అంటారు. గోవాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు వచ్చే రోగులకు, డాక్టర్లు కాని మామూలు మనుషులకు శిక్షణ ఇచ్చి ఆరు నుంచి ఎనిమిది సిట్టింగుల్లో ఇదే పద్ధతి చేయిస్తే డిప్రెషన్ తగ్గిందని సైకియాట్రిస్టు విక్రమ్ పటేల్ బృందం లాన్సెట్ అనే వైద్య పత్రికలో చూపించింది. పెద్ద చదువులు అక్కర్లేని పద్ధతి కాబట్టే మన ఊళ్లకు సరిపోతుంది.

డైరీ రాయమంటే ఐదో తరగతి చదివిన మనిషికి అది ఇంకో పరీక్ష. విత్తనాల షాపువాళ్లిచ్చిన క్యాలెండర్ తెమ్మన్నాను. రోజు గడిలో మూడు చుక్కలకు చోటు. పొద్దున ఆరులోపు మంచం దిగితే ఒకటి. బర్రెను తానే బయట కట్టేస్తే ఒకటి. సాయంత్రం ఇంటి గడప దాటి ఎవరితోనైనా ఓ మాట మాట్లాడితే ఒకటి. పానం బాగుంటే చేద్దామని ఆగొద్దు, చేశాక పానం ఎలా ఉందో చూద్దాం అన్నది ఒప్పందం. మొదటి వారం ఇరవై ఒక్క చుక్కలకు నాలుగు వచ్చాయి. సిగ్గుపడుతూ చూపించాడు. ఆ నాలుగు చుక్కల గురించే గంటసేపు మాట్లాడుకున్నాం.

మూడో సిట్టింగులో ఆయన రోజును గంట గంటకూ గీస్తుంటే భార్య పక్కనుంచి అంది, "చెలకకు సక్కగ పోడు మేడం. చుట్టు తిరిగి పోతడు. అర్ధగంట పట్టే బాట."

"ఎందుకు?"

"సక్కగ పోతే తోట కాడికెళ్లి పోవాలె."

నాకు దారి అక్కడ దొరికింది. రెండెకరాల్లో బత్తాయి. చెట్లు 220 అని నేను రాసుకుంటే ఆయన దిద్దిన మొదటి చోటు ఇదే, 240. ఇరవై ఏళ్ల కింద తానే గుంతలు తీశాడు. చూడగానే ఏ చెట్టుకు నీళ్లు తక్కువైందో ఆకు ముడత చెప్పేదట. మొదటి బోరు రెండు వందల యాభై అడుగులు. అది ఎండితే రెండోది, మూడోది. ఐదోది ఏడు వందల అడుగులకు పోయినా దుమ్మే లేచింది. అప్పు మిగిలింది. చెట్లు కొమ్మల చివర్ల నుంచి ఎండుకుంటూ వచ్చాయి. చివరికి కట్టెల కాంట్రాక్టరు వచ్చాడు. మొదటి చెట్టు మీద గొడ్డలి ఆయనే వేశాడు, వేరేవాళ్లు వేస్తే చూడలేనని. నడుము నొప్పి మొదలైంది ఆ నెలలోనే.

తోట మీద రంది పెట్టుకోవచ్చని ఆయనకు ఎవరూ చెప్పలేదు. మనిషి పోతే పదకొండు రోజులుంటాయి, వచ్చి కూర్చునేవాళ్లుంటారు. చెట్లు పోతే ఎవరొస్తారు?

తోట మీదుగా పోయే బాటలో పోవడమన్నది ఒక్కసారిగా పెట్టలేదు. ఒక వారం మలుపు దాకా. తర్వాతి వారం భార్యతో కలిసి గట్టు దాకా. ఏడో సిట్టింగుకు ముందు ఒక్కడే పోయి, మొదళ్ల మధ్య అరగంట కూర్చుని వచ్చాడు. ఏమైందని అడిగితే, "ఇంక రెండు మొదళ్లు చిగురేసినయి, పనికిరావు, అడుగునుంచి వచ్చింది జంబేరి చిగురు," అని సాంకేతికంగా చెప్పాడు. అంటు కింద వేరుమొక్క నుంచి వచ్చేది బత్తాయి కాదు కదా. ఇంటికొచ్చి ఏడ్చాడని నేను రాశాను. ఆయన దిద్దిన రెండో చోటు ఇది: "ఏడ్వలే. కండ్లల్ల నీళ్లొచ్చినయి."

చింతగింజలు

స్కోరు అప్పటికి 13కు వచ్చింది. నిద్ర తెల్లవారుజాము నాలుగున్నర దాకా సాగుతోంది. కానీ ఒక మాట మాత్రం కదల్లేదు: "నా చేతుల్నుంచే పోయింది. పోరడు కారు నడపవట్టె." ఆ ఆలోచన తప్పని వాదిస్తే ఆయన నా కన్నా బాగా వాదిస్తాడు, రెండేళ్ల అభ్యాసం ఉంది. ఇరవై చింతగింజలు టేబుల్ మీద పోశాను. తోట పోవడంలో ఎవరి పాలు ఎంతో పంచమన్నాను. ఇరవై గింజలూ తన వైపు లాక్కున్నాడు.

మీ ఊళ్లో ఇంకెవరి తోటలు ఎండాయని అడిగాను. లెక్కపెట్టి, తొమ్మిది అన్నాడు. వాళ్లంతా చేతగానోళ్లేనా అంటే కోపం వచ్చింది. "ఆయనెట్ల చేతగానోడయితడు? ఆయన కంటె మంచి రైతున్నడా మా ఊళ్లె?" అని పక్క తోటాయన గురించి నా మీద గొంతు పెంచాడు. రెండు నెలల్లో ఆయన గొంతు పెరగడం అదే మొదలు. నేను మాట్లాడలేదు. కాసేపటికి ఐదు గింజలు పక్కకు తోసి "ఇవి వాన" అన్నాడు. నాలుగు, అందరం పోటీపడి వేసిన బోర్లకు. మూడు ధరకు. రెండు, కరెంటుకు. ఆరు మిగిలాయి. ఇంకా తగ్గిస్తాడేమోనని చూశాను, నిజం చెప్పాలంటే తగ్గించాలని నాకు ఆశగా ఉంది.

"ఆరు నావే బిడ్డా. మూడో బోరుకే ఆగుమన్నది ఈమె. ఇనలే."

పుస్తకం ప్రకారమైతే ఇంకొంచెం నెట్టొచ్చు. నెట్టలేదు. ఇరవైకి ఇరవై మోసేవాడు జబ్బు మనిషి. ఆరు తనవని చెప్పేవాడు పెద్దమనిషి. ఆ ఆరింటితో ఏం చేద్దామని అడిగాను. పక్కనున్న భార్య వైపు పూర్తిగా తిరక్కుండానే, "నువ్వు చెప్పినప్పుడే ఆగాల్సింది," అన్నాడు. ఆమె కొంగు సర్దుకుంటూ "ఇప్పుడెందుకయ్యా అయ్యన్నీ," అంది. గింజలు డబ్బాలోకి ఎత్తింది కూడా ఆమే.

ఇప్పుడు

మొత్తం పదకొండు సిట్టింగులు, ఐదు నెలలు. చివరి స్కోరు 7. మూడు కిలోలు పెరిగాడు. దసరాకు కొడుకు వస్తే ఇద్దరూ కలిసి జమ్మి దగ్గరికి పోయారు. నడుము గుంజుతూనే ఉంది, కానీ దాని గురించి రోజుకు ఒకసారే చెప్తాడని భార్య లెక్క. అప్పు అలాగే ఉంది, దానికి నా దగ్గర చికిత్స లేదు. బాగున్నాక కూడా కనీసం ఆరు నెలలు మందు ఆపొద్దని సైకియాట్రిస్టు చెప్పారు. నర్సయ్యకు అది ఇష్టం లేదు, వాదన నడుస్తోంది.

మళ్లీ వస్తే ముందుగా పట్టే గుర్తులేమిటని చివరి సిట్టింగులో ఇద్దర్నీ అడిగాను. ఆయన నిద్ర అన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపి, "చుట్టు బాట పడితే నాకు తెలుస్తది," అంది. అదే క్యాలెండర్ వెనక రాయించాను.

నవంబర్ మూడో వారంలో రావాల్సిన రోజు రాలేదు. పదకొండింటికి ఫోన్ చేస్తే భార్య ఎత్తింది. పత్తి ఏరడానికి పదిమంది కూలోళ్లు వచ్చారట, ఆయన వాళ్ల వెంట చెలకలో ఉన్నాడట. ఏ బాటన పోయాడని అడిగాను. నవ్వింది. తర్వాతి తారీఖు డిసెంబర్ రెండో సోమవారం వేశాను.